బందరు పార్లమెంటు నియోజకవర్గం – ప్రజాతీర్పుల చరిత్ర

కూచిపూడి అనగానే సిద్ధేంద్రయోగి, భామాకలాపం, గజ్జెల సవ్వడి స్ఫురిస్తాయి. దాని పొరుగునే ఉన్న మొవ్వ పేరు వినగానే క్షేత్రయ్య పదాలు జ్ఞప్తికి వస్తాయి. సమీపంలోని భట్లపెనుమర్రు జాతీయ పతాక రూపశిల్పి పింగళి వెంకయ్య జన్మస్థలం. ఈ మూడు గ్రామాలూ కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోనివే. కళాచరిత్రలోను, స్వాతంత్ర్యోద్యమ చరిత్రలోను ఇంతటి ప్రసిద్ధి గల ఈ నేలకు మరొక చరిత్ర కూడా ఉన్నది. అది కావ్యాలలో గాని, శాసనాలలో గాని కనిపించదు. ఎన్నికల సంఘం ప్రచురించిన ఫలితాల పట్టికలలో అంకెల రూపంలో నిక్షిప్తమై ఉన్నది.

2024 మే 13వ తేదీన కూచిపూడిలో ఓటు వేయడానికి వెళ్ళిన ప్రతి ఓటరూ రెండు యంత్రాల మీద రెండుసార్లు మీట నొక్కవలసివచ్చింది. ఒక ఓటు పామర్రు శాసనసభ స్థానానికి, రెండవ ఓటు మచిలీపట్నం లోక్‌సభ స్థానానికి. మొదటి ఓటుతో ఎన్నికైన ప్రతినిధి రాష్ట్ర శాసనసభలో కూర్చుంటాడు. రెండవ ఓటుతో ఎన్నికైనవాడు ఢిల్లీలో దేశానికి వర్తించే శాసనాల మీద చర్చిస్తాడు. రెండూ వేరువేరు బాధ్యతలు. అయినా ఒకే గదిలో, రెండు నిమిషాల వ్యవధిలో వేసే ఆ రెండు ఓట్లలో రెండవది స్వతంత్రమైన నిర్ణయమా, లేక మొదటి ఓటుకు ప్రతిధ్వని మాత్రమేనా? ఈ ప్రశ్నకు సమాధానం ఊహలతో లభించదు. 1952 నుంచి 2024 వరకు ఈ నియోజకవర్గంలో జరిగిన 18 సాధారణ ఎన్నికల ఫలితాలను క్రమంగా పరిశీలించాలి.

ముందుగా నియోజకవర్గ స్వరూపం తెలుసుకోవాలి. మచిలీపట్నానికి వాడుక పేరు బందరు. పారశీక భాషలో ఆ మాటకు రేవు అని అర్థం. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పుకున్నారు. జాతీయోద్యమ కాలంలో ‘కృష్ణాపత్రిక’ వెలువడినదీ, ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినదీ, భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో ఆంధ్రాబ్యాంకును స్థాపించినదీ ఈ పట్టణంలోనే. నియోజకవర్గం మాత్రం పట్టణానికి పరిమితం కాదు. 2008 నాటి పునర్విభజన తరువాత మచిలీపట్నం, పెడన, గుడివాడ, పామర్రు, అవనిగడ్డ, పెనమలూరు, గన్నవరం అనే 7 శాసనసభ స్థానాలు దీని పరిధిలోకి వచ్చాయి. కృష్ణాకాలువల కింద వరి పండించే రైతులు, వారి పొలాలలో పనిచేసే కూలీలు, పెడన కలంకారీ పనివారు, తీరగ్రామాల మత్స్యకారులు, దివిసీమ లంకవాసులు, విజయవాడను ఆనుకొని పెరిగిన కాలనీల ఉద్యోగులు – వీరందరికీ ఒక్కడే పార్లమెంటు సభ్యుడు. పెనమలూరు ఓటరుకు ట్రాఫిక్కు సమస్య అయితే, నాగాయలంక ఓటరుకు ఉప్పునీరు సమస్య.

మొదటి సాధారణ ఎన్నికల నాటికి ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఓటర్లలో అధికసంఖ్యాకులు నిరక్షరాస్యులు. అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను కేటాయించి, దాని మీద అతని గుర్తును అంటించేవారు. ఓటరు తన చీటీపై ఏ ముద్రా వేయనక్కరలేదు. నచ్చిన గుర్తు గల పెట్టెలో వేస్తే చాలు. కాంగ్రెసు గుర్తు కాడి ఎద్దులు, కమ్యూనిస్టుల గుర్తు కంకి కొడవలి. వ్యవసాయమే జీవనమైన డెల్టాలో ఈ రెండు గుర్తులూ పొలంలో నుంచి తీసినవే కావడం విశేషం. పైరు ఎవరిదన్నదే అప్పటి ప్రధాన వివాదం. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చినా, చల్లపల్లి వంటి పెద్ద జమీందారీల భూములు దున్నేవారికి చేరలేదన్న అసంతృప్తి కూలీలలోను, పేదరైతులలోను బలంగా ఉండేది. దివితాలూకా మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు వంటి నాయకులు ఆ అసంతృప్తిని ఉద్యమంగా మలిచారు. 1949లో కాటూరు, ఎలమర్రు గ్రామాలలో మలబారు పోలీసులు గ్రామస్థులను వివస్త్రలను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పిన దుశ్చర్య ప్రజల మనస్సులలో ఇంకా మానని గాయం. ప్రజానాట్యమండలి కళాకారులు బుర్రకథను ఊరూరికీ మోసుకుపోయి, పాత కళారూపంలో కొత్త కథలు వినిపించారు.

ఫలితంగా 1952లో దేశమంతటా కాంగ్రెసు విజయయాత్ర సాగుతున్నా, మసూలీపట్నం నుంచి కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి సనక బుచ్చికోటయ్య లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పటికి విడిగా ఉన్న గుడివాడ లోక్‌సభ స్థానమూ కమ్యూనిస్టులదే. పొరుగున ఉన్న విజయవాడలో వారి మద్దతుతో కవి, నటుడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ గెలిచారు. తెలుగు మాతృభాష కాని కవిని తెలుగు ఓటర్లు ఢిల్లీకి పంపిన ఆ సన్నివేశం నేటికీ ఆశ్చర్యం గొలుపుతుంది.

అయితే మూడేళ్ళలోనే పరిస్థితి తారుమారైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. 1955లో జరిగిన మధ్యంతర శాసనసభ ఎన్నికలలో కమ్యూనిస్టులకు నూటికి 31 వంతుల ఓట్లు లభించాయి. కాని 196 స్థానాలలో వారికి దక్కినవి 15 మాత్రమే. దీనిని అర్థం చేసుకోవాలంటే మన ఎన్నికల విధానం తెలియాలి. మన దేశంలో ఒక నియోజకవర్గంలో పోటీ చేసినవారిలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే విజేత. సగానికి మించి రావాలన్న నియమం లేదు. 1952లో కమ్యూనిస్టేతరుల ఓట్లు అనేక పక్షాల మధ్య చీలిపోయాయి. 1955లో కాంగ్రెసు, కృషికార్ లోక్‌పార్టీ మొదలైన పక్షాలు ఒక్కటై, ప్రతి స్థానంలోను ఒకే అభ్యర్థిని నిలిపాయి. ఓటర్ల అభిప్రాయంలో వచ్చిన మార్పు కంటే ప్రత్యర్థుల పొందికలో వచ్చిన మార్పే అక్కడ ఎక్కువ పనిచేసింది.

ఆ ఐక్యత ఊపులోనే 1957లో కాంగ్రెసు అభ్యర్థి మండలి వెంకటకృష్ణారావు మచిలీపట్నం నుంచి లోక్‌సభలో అడుగుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు 30 సంవత్సరాలు. ఆయన కీర్తి మాత్రం తరువాతి కాలానిది. రాష్ట్ర విద్యామంత్రిగా 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను నిర్వహించడంలో ప్రధాన పాత్ర వహించారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు, బాధితుల పునరావాసమే దీక్షగా పనిచేశారు. ఈ నియోజకవర్గం ఎన్నుకొన్న ప్రతినిధులలో తెలుగు భాషకు ఇంతగా సేవ చేసినవారు మరొకరు కనిపించరు.

1962లో మరొక వింత. రాష్ట్రంలోని 43 లోక్‌సభ స్థానాలలో 34 కాంగ్రెసు పరమైన ఆ ఎన్నికలలో, ఇక్కడ మండల వెంకటస్వామినాయుడు ఏ పార్టీకీ చెందని స్వతంత్ర అభ్యర్థిగా విజయం సాధించారు. లక్షల సంఖ్యలో ఓటర్లు గల పార్లమెంటు స్థానంలో స్వతంత్రుడు గెలవడం అసాధారణం. ఆ తరువాత ఇక్కడ అది పునరావృతం కాలేదు. 1967లో యార్లగడ్డ అంకినీడు ప్రసాద్, 1971లో మేడూరి నాగేశ్వరరావు – ఇద్దరూ కాంగ్రెసువారే – ఎన్నికయ్యారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. ఆ చీలిక తరువాత మచిలీపట్నం లోక్‌సభ స్థానం ఉభయ కమ్యూనిస్టు పార్టీలలో దేనికీ దక్కలేదు. అయితే వారి బలం ఒక్కసారిగా ఇంకిపోలేదు. కూచిపూడికి సమీపంలోని నిడుమోలు పేరుతో ఉన్న షెడ్యూల్డు కులాల రిజర్వుడు శాసనసభ స్థానంలో 2004లో కూడా మార్క్సిస్టు పార్టీకి చెందిన పాటూరి రామయ్య గెలుపొందారు. ఢిల్లీ ఓటులో ఎండిపోయిన పాయ ఊరి ఓటులో ఇంకా పారుతూనే ఉండేదన్నమాట.

ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పును గమనించాలి. 1967 వరకు పార్లమెంటు ఎన్నికలు సాధారణంగా శాసనసభ ఎన్నికలతో కలిసి జరిగేవి. 1970 డిసెంబరులో లోక్‌సభను గడువుకు ఏడాది ముందుగానే రద్దుచేసి, 1971లో పార్లమెంటుకు మాత్రమే ఎన్నికలు జరిపారు. రాష్ట్ర శాసనసభకు 1972లో జరిగాయి. అలా విడిపోయిన రెండు ఎన్నికలూ, 1989 సంవత్సరాన్ని మినహాయిస్తే, 1998 దాకా వేరువేరుగానే సాగాయి. ఢిల్లీకి ఎవరిని పంపాలో, హైదరాబాదుకు ఎవరిని పంపాలో ఓటరు వేరువేరు రోజులలో, వేరువేరు వాతావరణాలలో నిర్ణయించుకొనే అవకాశం కలిగింది.

1977 ఎన్నికల నాటికి పునర్విభజన వలన గుడివాడ లోక్‌సభ స్థానం రద్దయింది. అక్కడ 1962 నుంచి వరుసగా మూడుసార్లు గెలిచిన మాగంటి అంకినీడు మచిలీపట్నానికి తరలివచ్చి 1977లోను, 1980లోను కాంగ్రెసు పక్షాన నెగ్గారు. మేడూరి నాగేశ్వరరావు కృష్ణానది దాటి తెనాలి నుంచి పోటీచేసి గెలిచారు. అత్యవసర పరిస్థితి తరువాత ఉత్తర భారతం కాంగ్రెసును తుడిచిపెట్టిన 1977లో, ఆంధ్రప్రదేశ్ 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. ఆ రెండు ఎన్నికలలోను బందరు రాష్ట్రంతో పాటే నడిచింది.

అసలైన పరీక్ష 1984లో వచ్చింది. కూచిపూడికి చేరువలోని నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించారు. పాత షెవర్లే వాహనాన్ని చైతన్యరథంగా మార్చుకొని రాష్ట్రమంతా తిరిగారు. తెలుగువారి ఆత్మగౌరవమే నినాదమైంది. 1983 జనవరిలో ఆయన పార్టీ 200కు పైగా శాసనసభ స్థానాలు గెలుచుకున్నది. రామారావు తాను పోటీచేసిన గుడివాడ, తిరుపతి రెండింటిలోను విజయం సాధించారు. 1984 ఆగస్టులో ఆయన ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేయడం, ప్రజాందోళన ఫలితంగా నెల తిరిగేసరికి ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి కావడం దేశవ్యాప్తంగా సంచలనం కలిగించాయి. అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్యకు గురయ్యారు. డిసెంబరులో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో సానుభూతి పవనాలు దేశమంతటా కాంగ్రెసుకు 400కు పైగా స్థానాలు సమకూర్చాయి. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఆ పవనాలకు ఎదురునిలిచి తెలుగుదేశానికి 30 స్థానాలిచ్చింది. ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైంది.

అలాంటి ఎన్నికలలో రామారావు సొంతగడ్డ అయిన ఈ డెల్టాలో ఏం జరిగింది? పక్కనే ఉన్న విజయవాడలో తెలుగుదేశం అభ్యర్థి వడ్డే శోభనాద్రీశ్వరరావు గెలిచారు. మచిలీపట్నంలో మాత్రం కాంగ్రెసు అభ్యర్థి కావూరి సాంబశివరావు గెలిచారు. రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెసుకు దక్కిన 6 స్థానాలలో ఇది ఒకటి. మూడు నెలలు గడవకముందే, 1985 మార్చిలో జరిగిన శాసనసభ ఎన్నికలలో గుడివాడ ఓటర్లు రామారావును మళ్ళీ గెలిపించారు. ఇందులో వైరుధ్యం ఉన్నదని పైకి అనిపించవచ్చు. రాష్ట్రాన్ని పాలించవలసినవారు ఎవరు అన్నది ఒక ప్రశ్న. పార్లమెంటులో కూర్చోవలసినవారు ఎవరు అన్నది వేరొక ప్రశ్న. రెండింటికీ ఒకే జవాబు చెప్పవలసిన అగత్యం ఓటరుకు లేదు. ఎన్నికలు విడివిడిగా జరగడం వలననే ఆ తేడా లెక్కలలోకి ఎక్కింది.

తరువాతి దశాబ్దంలో కూడా ఇదే ధోరణి కొనసాగింది. 1989లో రెండు ఎన్నికలూ ఒకే రోజున జరిగాయి. రాష్ట్రంలో 42కు 39 లోక్‌సభ స్థానాలు కాంగ్రెసు గెలిచింది, ఇక్కడ కావూరి మళ్ళీ నెగ్గారు. 1991లో పార్లమెంటుకు మాత్రమే ఎన్నికలు వచ్చాయి. రాష్ట్రంలో అధికారంలో ఉన్న కాంగ్రెసు 25 స్థానాలు గెలుచుకోగా, బందరు ఎదురుతిరిగి తెలుగుదేశం అభ్యర్థి కొలుసు పెద రెడ్డయ్య యాదవ్‌ను పంపింది. 1996లో కాంగ్రెసు 22 స్థానాలతో ముందంజలో ఉన్నప్పుడు, ఇక్కడి విజేత మళ్ళీ తెలుగుదేశం వ్యక్తే – ప్రసిద్ధ చలనచిత్ర నటుడు కైకాల సత్యనారాయణ. గుడ్లవల్లేరు సమీపంలోని కౌతవరం ఆయన స్వగ్రామం. తెరమీద యముడిగా, ఘటోత్కచుడిగా జేజేలందుకున్న ఆ నటునికి లోక్‌సభ ముచ్చట రెండేళ్ళలోనే ముగిసింది. 1998లో ఆయనను ఓడించి కావూరి మూడవసారి గెలిచారు. ప్రేక్షకుల అభిమానం ఓటుగా మారుతుందన్న నమ్మకం ఒకసారి నిజమై, మరొకసారి వమ్మైంది.

1999 నుంచి మళ్ళీ రెండు ఎన్నికలూ జంటగా జరుగుతూ వచ్చాయి. అక్కడి నుంచి ఫలితాల స్వభావం మారింది. 1999లో రాష్ట్రం తెలుగుదేశాన్ని గెలిపించింది. బందరు అంబటి బ్రాహ్మణయ్యను ఎన్నుకున్నది. 2004లో రాష్ట్రం కాంగ్రెసువైపు మొగ్గింది. బందరు బాడిగ రామకృష్ణను ఎన్నుకున్నది. 2014లో తెలుగుదేశం, 2019లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు, 2024లో తెలుగుదేశం – జనసేన – భారతీయ జనతా పార్టీల కూటమి. ప్రతిసారీ రాష్ట్రంలో అధికారం చేపట్టిన పక్షానికే ఈ లోక్‌సభ స్థానం దక్కింది. ఒకే రోజున, ఒకే ప్రచారం వేడిలో వేసిన ఓట్లలో ముఖ్యమంత్రి ఎవరన్న ప్రశ్న ముందుకు వచ్చి, పార్లమెంటు సభ్యుడు ఎవరన్న ప్రశ్నను వెనుకకు నెట్టింది. గ్రామాలలో ప్రచార సభలు విన్నవారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. వేదిక మీద శాసనసభ అభ్యర్థి పేరు పదిసార్లు వినిపిస్తే, లోక్‌సభ అభ్యర్థి పేరు ఒకసారి వినిపించేది.

దీనికి ఒకే ఒక మినహాయింపు 2009. ఆ ఏడు రాష్ట్రంలో కాంగ్రెసు 33 లోక్‌సభ స్థానాలు గెలిచి శాసనసభలోను అధికారం నిలుపుకున్నది. మచిలీపట్నంలో మాత్రం తెలుగుదేశం అభ్యర్థి కొనకళ్ళ నారాయణరావు సుమారు 12 వేల ఓట్ల తేడాతో బాడిగ రామకృష్ణను ఓడించారు. చిరంజీవి స్థాపించిన ప్రజారాజ్యం పార్టీ అభ్యర్థికి వచ్చిన ఓట్లు ఆ 12 వేలకు ఎన్నో రెట్లు ఎక్కువ. ముక్కోణపు పోటీలో స్వల్పమైన తేడా ఎంతటి ఫలితాన్నిస్తుందో తెలుసుకోవడానికి 1955 నాటి పాఠం ఇక్కడ మళ్ళీ పనికివస్తుంది.

ఆ ఎన్నికలు కొత్త సరిహద్దులతో జరిగిన మొదటి ఎన్నికలు కూడా. 2008 పునర్విభజనలో నిడుమోలు, మల్లేశ్వరం, ఉయ్యూరు, ముదినేపల్లి అనే శాసనసభ స్థానాలు పటంలో నుంచి అదృశ్యమయ్యాయి. పామర్రు, పెడన, పెనమలూరు వెలిశాయి. కూచిపూడి ఓటరు ఇల్లు కదలకుండానే పామర్రు ఓటరయ్యాడు. సాధారణంగా జిల్లా సరిహద్దును బట్టి నియోజకవర్గం ఏర్పడుతుంది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం దీనిని తిరగవేసి, పార్లమెంటు నియోజకవర్గాలే ప్రాతిపదికగా కొత్త జిల్లాలను ఏర్పరచింది. అప్పుడు మచిలీపట్నం నియోజకవర్గమే కృష్ణాజిల్లా అయింది. విజయవాడ కేంద్రంగా ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడింది. తమాషా ఏమంటే, రామారావు పేరు పెట్టిన జిల్లాలో ఆయన పుట్టిన నిమ్మకూరు చేరలేదు. అది కృష్ణాజిల్లాలోనే ఉండిపోయింది.

ఇన్ని ఎన్నికలలోను వాగ్దానాల జాబితాలో చెరగని అంశం ఒకటున్నది – రేవు. ఒకప్పుడు సముద్ర వర్తకంతో వెలిగిన ఈ పట్టణం మేట వేసిన కాలువల వలన, 1864 నాటి భయంకరమైన ఉప్పెన వలన క్రమంగా తన ప్రాభవాన్ని కోల్పోయింది. ఊరి పేరులో ఉన్న రేవు ఊరిలో లేకుండా పోయింది. ఆధునిక నౌకాశ్రయం కావాలన్నది తరతరాల కోరిక. పెద్ద ఓడరేవులు కేంద్ర ప్రభుత్వ అధీనంలో ఉంటాయి. మచిలీపట్నం వంటివి రాష్ట్ర ప్రభుత్వ అజమాయిషీలోకి వస్తాయి. అందుచేత రేవును గురించి పార్లమెంటు సభ్యుడు అడగగలడు, ఒత్తిడి తేగలడు. నిర్మించవలసినది మాత్రం రాష్ట్రమే. ఈ సున్నితమైన భేదం ఎన్నికల ప్రసంగాలలో వినిపించడం అరుదు. దివిసీమకు ఆవలి ఒడ్డున ఉన్న రేపల్లెకు బందరు నుంచి రైలుమార్గం వేయాలన్న కోరికను అడగవలసిన చోటు పార్లమెంటే. ఆ కోరిక కూడా పాతదే.

నౌకాశ్రయానికి ముగ్గురు ముఖ్యమంత్రులు శంకుస్థాపన చేశారు: 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి, 2019 ఫిబ్రవరిలో నారా చంద్రబాబునాయుడు, 2023 మేలో వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి. ఈ మూడూ ఎన్నికలకు కొద్ది నెలలో, ఒక ఏడాదో ముందు జరిగినవే. ఆ వెంటనే వచ్చిన ఎన్నికలలో ఏమైంది? 2009లో కాంగ్రెసు, 2019లో తెలుగుదేశం, 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసు – శంకుస్థాపన చేసిన పక్షం ప్రతిసారీ మచిలీపట్నం లోక్‌సభ స్థానాన్ని పోగొట్టుకున్నది. శంకుస్థాపనే ఓటమికి కారణమని అనడం తర్కానికి నిలవదు. ఆ ఓటములకు రాష్ట్రవ్యాప్తమైన కారణాలు కొన్ని ఉన్నాయి. కాని పునాదిరాయి చూపి ఈ ఓటరును గెలుచుకోలేమని మాత్రం మూడు పార్టీలకూ ఆ అంకెలు చెప్పాయి. ఇంజనీర్లు, యంత్రాలు వచ్చి నిర్మాణం నిజంగా సాగడం మూడవ శంకుస్థాపన తరువాత మాత్రమే కనిపించింది.

2014లో కొనకళ్ళ నారాయణరావు సుమారు 81 వేల ఆధిక్యంతో రెండవసారి గెలిచినప్పుడు ఓడిన ప్రత్యర్థి కొలుసు పార్థసారథి. ఈయన 1991లో తెలుగుదేశం పక్షాన గెలిచిన పెద రెడ్డయ్య కుమారుడు. తండ్రిని గెలిపించిన పార్టీ మీదనే కుమారుడు పోటీచేశాడు. 2024 నాటికి ఆ పార్టీలోనే చేరి నూజివీడు నుంచి శాసనసభకు ఎన్నికై మంత్రి అయ్యాడు. 2019లో కొనకళ్ళను సుమారు 60 వేల ఓట్ల తేడాతో ఓడించినవారు వై.ఎస్.ఆర్. కాంగ్రెసు అభ్యర్థి వల్లభనేని బాలశౌరి. ఆయన 2004లో కాంగ్రెసు పక్షాన తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికైనవారు. ఆ తెనాలి స్థానం 2008 పునర్విభజనలో రద్దయింది. ఒకనాడు మేడూరి నాగేశ్వరరావు కృష్ణ దాటి తెనాలి వెళ్ళినట్లే, బాలశౌరి కృష్ణ దాటి బందరు వచ్చారు. 2024లో ఆయన జనసేన అభ్యర్థిగా నిలిచి 2 లక్షల 23 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2004లో హస్తం, 2019లో ఫ్యాను, 2024లో గాజుగ్లాసు – మూడు గుర్తుల మీద ఒకే వ్యక్తి లోక్‌సభకు చేరారు. ఓటరు గుర్తును చూశాడా, వ్యక్తిని చూశాడా, పైనున్న నాయకుని చూశాడా అన్నది ఈ ఉదాహరణతో విద్యార్థులు చర్చించదగిన విషయం.

18 ఎన్నికలలో గెలిచినవారు మొత్తం 13 మంది. కావూరి మూడుసార్లు, మాగంటి, కొనకళ్ళ, బాలశౌరి రెండేసిసార్లు నెగ్గారు. 2024 వరకు ఏ ఒక్కరికీ వరుసగా మూడవ విజయం దక్కలేదు. వంశపారంపర్యంగా ఈ స్థానాన్ని ఏలిన కుటుంబమూ లేదు. ఈ 13 మందిలో ఒక్క మహిళ కూడా లేకపోవడం మరొక విషయం. సత్యభామ వేషాన్ని సైతం పురుషులే ధరించిన కూచిపూడి సంప్రదాయం ఇరవయ్యవ శతాబ్దంలోనే మారి, స్త్రీలకు రంగస్థలం తెరచింది. పామర్రు శాసనసభ స్థానానికి 2014లో ఉప్పులేటి కల్పన ఎన్నికయ్యారు. లోక్‌సభ స్థానానికి ఆ మార్పు ఇంకా రాలేదు.

ఓటుహక్కు వయస్సు మొదట 21 సంవత్సరాలు. 61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989లో అది 18కి తగ్గింది. జూనియర్ కళాశాల నుంచి బయటికి వచ్చే వయస్సుకు ఓటు చేరువైంది. 2022 నుంచి 17 సంవత్సరాలు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకొనే వీలు కూడా కలిగింది. వారు ఓటువేసే నాటికి నియోజకవర్గ సరిహద్దులు ఇవే ఉంటాయని చెప్పడానికి వీలులేదు. రాష్ట్రాలవారీగా లోక్‌సభ స్థానాల సంఖ్యను మార్చకుండా 2001లో 84వ సవరణ విధించిన కట్టుబాటు, 2026 తరువాత జరిగే తొలి జనగణన లెక్కలు వెలువడే వరకేనని ఆ సవరణే నిర్దేశించింది. లోక్‌సభలో మూడవ వంతు స్థానాలను మహిళలకు కేటాయించాలన్న 2023 నాటి 106వ సవరణ కూడా జనగణన, దాని వెనుక పునర్విభజన జరిగిన మీదటనే అమలులోకి రావాలని పేర్కొన్నది.